జట్టులో పేరు లేనివాని సాధన



ఈసారి ఆటలను గూర్చి ఒక ప్రశ్న మీ ముందుంచుతున్నాను. ఒక కుర్రవాడు రెండు నెలలపాటు తెల్లవారుజామునే లేచి మైదానానికి వెళ్ళాడు. పరుగెత్తాడు, చెమటోడ్చాడు, దెబ్బలు తిన్నాడు. పోటీలు మొదలయ్యే వారం జట్టు పేర్లు చదివారు. అందులో అతని పేరు లేదు. అతడు చేసిన సాధన వృథా అయినట్టా, కానట్టా?

"ఏ కష్టమూ ఊరికే పోదు" అని మనం వెంటనే అనేస్తాం. కాని ఈ మాట ఎక్కువగా ఎవరి నోట వింటాం? జట్టులో చోటు దొరికినవారి నోట, ఉద్యోగం స్థిరపడినవారి నోట. కడుపు నిండినవాడు ఉపవాసపు గొప్పతనం చెప్పినట్టుంటుంది. కాబట్టి కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

మన బంధువుల పిల్లలు చదువుకొంటున్న అమెరికాలో చిన్న కళాశాలలు చాలా ఉన్నాయి. ఎన్.సి.ఎ.ఎ. మూడవ డివిజన్‌లోని కళాశాలలు ఆట నిమిత్తం విద్యార్థికి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదని నియమం. వారి ఫుట్‌బాల్ మనం ఆడేది కాదు. తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు కట్టుకొని, బంతిని చేతపట్టి ఆడే ఆట. ఏటా ఆగస్టులో, పోటీలకు ముందే, ఎండలో సాధన మొదలవుతుంది. కొన్ని జట్లలో వందమందికి పైగా ఉంటారు. మైదానంలో ఒకసారికి నిలిచేది పదకొండుగురే. డబ్బు రాదు, పేరు రాదు, చాలామందికి ఆడే అవకాశం కూడా అంతంత మాత్రమే. ఆ సంగతి తెలిసే వస్తారు.

మన దగ్గర సంగతి చూద్దాం. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో బంగారు పతకం సాధించింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడింది. అదే దేశం 1956లో మెల్బోర్న్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. ఓటమికీ ఆ గౌరవానికీ నడుమ ఉన్న నాలుగేళ్ళలో ఎవరూ చప్పట్లు కొట్టని సాధన ఎంత జరిగి ఉండాలో ఆలోచించండి.

1962లో జకార్తా ఆసియా క్రీడలు జరిగాయి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనవారిని 2-0తో ఓడించింది. ఫైనల్‌లో మళ్ళీ ఆ జట్టే ఎదురైంది. జ్వరం వల్ల తంగరాజ్ ఆడలేకపోయిన మ్యాచ్‌లలో గోల్ కాపాడినవాడు ప్రద్యుత్ బర్మన్. ఫైనల్ నాటికి తంగరాజ్ కోలుకోగా, పొడుగరులైన కొరియావారికి ఎదురుగా రహీం ఆయననే నిలిపాడు. భారత్ 2-1తో గెలిచింది. ఫైనల్ ఆడిన పదకొండుగురిలో బర్మన్ లేడు. ఆయన లేకుండా ఆ ఫైనల్ మాత్రం లేదు.

ఇక్కడ కొందరు అంటారు: "చూశారా, బయట కూర్చున్నవాని కష్టం కూడా జట్టుకు ఉపయోగపడింది కదా!" నిజమే. సాధనలో రోజూ ఎదురుగా నిలిచి బంతి లాక్కొనేవారు లేకపోతే ఆడే పదకొండుగురికి పదును రాదు. కాని ఈ జవాబు చాలదు. సానరాయి కత్తికి పదును పెడుతుంది, తాను మాత్రం అరిగిపోతుంది. "నీకేం మిగిలింది?" అని సానరాయిని ఎవరూ అడగరు. మనిషిని అలా వాడుకోవచ్చునా? జట్టుకు మేలు జరిగిందన్నది ఒక మాట. ఆ కుర్రవానికి మేలు జరిగిందా అన్నది వేరే మాట. మొదటి మాట చెప్పి రెండవ ప్రశ్నను దాటవేయకూడదు.

నా మనసుకు తోచేది ఇది. సాధన వృథాయా కాదా అన్నది సగం చేసేవాని చేతిలో, సగం చేయించేవాని చేతిలో ఉంటుంది. చేయించేవాడు తీర్చవలసిన బాకీలు మూడు ఉన్నాయి.

మొదటిది, తనతో తీసుకొని వెళ్ళగలిగే విద్య నేర్పడం. రహీం తన ఆటగాళ్ళచేత బలహీనమైన కాలితో ఆడించి సాధన చేయించేవాడు. ఎడమకాలికి వచ్చిన నేర్పు జట్టులో పేరు లేనంత మాత్రాన పోదు. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పినది కూడా ఇదే: పాఠం అయిపోయిందా అని కాదు, పిల్లవానికి ఏం వచ్చింది అని అడగాలి.

రెండవది, ప్రాణానికీ ఒంటికీ హాని కలగనివ్వకపోవడం. 2001 ఆగస్టులో అమెరికాలో కోరీ స్ట్రింగర్ అనే వృత్తి ఆటగాడు పోటీలకు ముందు జరిగే శిక్షణలో వడదెబ్బ తగిలి చనిపోయాడు. 2003 నుండి అక్కడి కళాశాలల్లో మొదటి రోజుల్లో హెల్మెట్ మాత్రమే పెట్టుకొని, క్రమంగా మిగతా సామగ్రి తగిలించుకోవాలని నియమం వచ్చింది. అలవాటు కాని శరీరాన్ని ఒక్కసారిగా ఎండలోకి తోయడం క్రమశిక్షణ కాదు.

మూడవది, నిజం చెప్పడం. చోటు లేదని తెలిసి కూడా "చూద్దాం, చూద్దాం" అని తిప్పించుకోవడం దొంగతనంతో సమానం. దొంగిలించేది డబ్బు కాదు, వయసు. తెలిసి పడే కష్టం వేరు, తెలియనివ్వక చేయించుకొనే కష్టం వేరు.

మన హొసకోటె పారిశ్రామిక వాడకు అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుండి వచ్చిన మన పిల్లలకు ఈ మూడవ మాట బాగా తెలుసు. కొన్నిచోట్ల ఏడాది ట్రైనీ అంటారు. ఏడాది గడిచాక కాంట్రాక్టరు మారతాడు, పిల్లవాడు మళ్ళీ ట్రైనీ. నేర్చుకోవలసింది ఆరు నెలలకే అయిపోయింది. ఆ తరువాత జరిగేది శిక్షణ కాదు, తక్కువ జీతానికి పూర్తి పని. పైగా "ఓపిక పట్టు, కష్టం ఊరికే పోదు" అని ఇంట్లో మనమూ అంటాం. మంచి మాటే, కాని ఎవరి లాభానికి అంటున్నామో చూసుకోవాలి.

ఇక సాధన చేసేవాని సగం సంగతి. పిల్లలారా, ఎవరైనా మిమ్మల్ని శిక్షణకు పిలిచినప్పుడు మొహమాటపడకుండా అడగండి: ఇక్కడ నాకు ఏం వస్తుంది? ఎంతకాలం? ఆ తరువాత ఏమిటి? సూటిగా జవాబు చెప్పేవాని దగ్గర, చోటు దొరికే అవకాశం తక్కువైనా సరే, మనసు పెట్టి కష్టపడండి. పేరు రాకపోయినా చేతికి పనితనం, ఒంటికి అలవాటు, తోటివారి నమ్మకం మిగులుతాయి. జవాబు దాటవేసేవాని దగ్గర మాత్రం తేదీలు లెక్కపెట్టుకొంటూ ఉండండి.

పెద్దలమైన మనకు ఒక మాట. జట్టు పేర్లు చదివిన సాయంత్రం పేరు వచ్చినవాని ఇంటికి అందరూ వెళతారు. పేరు రానివాని ఇంటికి కూడా ఎవరైనా వెళ్ళాలి. ఓదార్చడానికి కాదు, "నీకేం వచ్చింది, రేపు ఎక్కడ ఆడతావు?" అని అడగడానికి.