కనబడని మూర్తి

ఆళ్లగడ్డ శిల్పులు మలచిన నారసింహమూర్తుల ఛాయాచిత్రములను, నంద్యాల డి.టి.పి. సెంటరులో శుభలేఖలు కూర్చెడి పబ్లిషర్ వంటి సాఫ్ట్‌వేరుతోనే వెబ్‌సైటుగా కూర్చినచో, కూర్చినవాని తెరపై సమస్తమును శోభాయమానముగా నుండి, ఇతరుల తెరపై మాత్రము బొమ్మలుండవలసిన చోట ఖాళీ చతురస్రములు మిగులుట కలదు. పుట తనలో నుంచుకొనునది బొమ్మ యున్న చోటి నిర్దేశమును మాత్రమే; ఆ నిర్దేశము కూర్చినవాని సి డ్రైవునే చూపుచున్నను, బొమ్మల ఫోల్డరును సర్వరున కెక్కింప మరచినను బొమ్మ రాదు. ఫైలు పేరులో పెద్దయక్షరముండి పుటలో చిన్నయక్షరము పడినచో, విండోస్ ఆ భేదమును పాటింపదు గాని లైనక్స్ సర్వరు పాటించును.

శంకరాద్వైతము ఒక్కనికే తోచుదానిని ప్రాతిభాసికమనియు, ఎల్లరకును వ్యవహారయోగ్యమగుదానిని వ్యావహారికమనియు విభజించినది. తన తెరపై తాను చూచుకొని అందరికిని ఉన్నదని నిశ్చయించుట మొదటిదానిని రెండవదిగా భ్రమించుటయే. భక్తివిషయమునను, తనకు తోచినదే అందరికిని ఉన్నదనుకొను ఈ భ్రమకు మనము తరచుగా లోనగుచున్నాము. అయినను ఇతరులకు కనబడనంత మాత్రమున లేమి సిద్ధింపదు. అహోబిలమున, హిరణ్యకశిపునకు కనబడని నారసింహుడు వెలువడిన స్తంభమని ఉగ్రస్తంభమును చూపి పెద్దలు చెప్పెడి ప్రహ్లాదుని కథకు ప్రాణమిదియే.

కావున వెబ్‌సైటులోని మూర్తులు ఎల్లరకును కనబడుటకై, బొమ్మలను పుటతోపాటు ఒకే ఫోల్డరులో నుంచి, పేర్లను ఖాళీలు లేని చిన్న ఆంగ్లాక్షరములలో వ్రాసి, అన్నియు ఎక్కించిన పిమ్మట వేరొకరి ఫోనులో తెరచి చూడుడు.