పరదేశములో కూలివాడు

ధ్యాన భాగము: ఆదికాండము 29, 31 అధ్యాయములు



యాకోబు ఇల్లు విడిచినప్పుడు, కొద్ది కాలము మాత్రము అక్కడ నుండుమని తల్లి చెప్పి పంపెను. ఆ కొద్ది కాలము ఇరువది సంవత్సరములాయెను. పగలు ఎండకు మాడెను, రాత్రి చలికి వణకెను. మందలో నష్టమైన ప్రతి గొఱ్ఱె అతని లెక్కలోనే పడెను. లాబాను పది మారులు జీతము మార్చెను. పరదేశములో కూలి చేయువాని బాధ ఎట్టిదో వేదము మనకు ఇంత వివరముగా చెప్పుచున్నది.

నేటి దినములలోను యౌవనస్థులు ఇట్లు పోవుచున్నారు. ఇతర దేశములలో కళాశాల చదువు చదువుచున్నవారు తమ వేసవి సెలవులలో జె-1 వీసాపై అమెరికాకు పోయి, నాలుగు నెలలకు మించకుండ పని చేయుటకు ఒక ఏర్పాటు కలదు. ఇది 1961లో ఆ దేశము చేసిన విద్యా సాంస్కృతిక వినిమయ చట్టము ననుసరించి నడచుచున్నది. సముద్రతీరపు హోటళ్లలో గదులు శుభ్రపరచుట, వంటశాలలలో గిన్నెలు కడుగుట, అంగళ్లలో సరకులమ్ముట మొదలైనవి వారి పనులు. సంపాదించిన దానితో ఆ దేశమును చూచి, అక్కడి జనులతో పరిచయము చేసికొని, తిరిగి చదువునకు రావలెననుట దీని ఉద్దేశము. అది మంచి ఉద్దేశమే.

అయితే మంచి ఏర్పాటులోనికి సహితము లాబాను ప్రవేశించగలడు. 2011 ఆగస్టులో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి పామైరా అను ఊరిలో, చాక్లెట్లను పెట్టెలలో సర్దు గిడ్డంగిలో పని చేయుచున్న వందలకొలది విద్యార్థులు పని మాని బయటికి వచ్చిరి. బరువైన పెట్టెలు ఎత్తుట, రాత్రంతయు మేలుకొనుట, కూలిలోనుండి గది అద్దె తీసివేయగా చేతికి కొంచెమే మిగులుట, ఇవి వారి మొఱలు. ఆ మొఱ వ్యర్థము కాలేదు. ఆ సంవత్సరము నవంబరులో, ఏటికి 1,09,000 మందికి మించి ఈ విద్యార్థులను చేర్చుకొనరాదని ప్రభుత్వము హద్దు పెట్టెను. 2012లో వారిని కర్మాగారపు పనులలోను, ముఖ్యముగా రాత్రి పది గంటలు మొదలు ఉదయము ఆరు గంటల వరకు జరుగు పనులలోను పెట్టరాదని నిబంధన చేసెను.

దీనినుండి మనము నేర్చుకొనవలసినవి మూడు.

మొదటిది, ఒప్పందము. జీతమేమి కావలెనని లాబాను మేనల్లుని తియ్యగా అడిగెను. మేనమామ మాటయే గదా అని యాకోబు నమ్మెను. సాక్షిగా రాళ్లకుప్ప వేసినది ఇరువది ఏండ్ల తరువాత, విడిపోవునాడు! తల్లిదండ్రులారా, ఆ రాళ్లకుప్పను ముందుగానే వేయుడి. పని ఏది, గంటకు కూలి ఎంత, వారమునకు ఎన్ని గంటలు, అద్దె ఎంత, మధ్యవర్తికి చెల్లించునది ఎంత, ఇవన్నియు కాగితముమీద చూడక పొలము తాకట్టు పెట్టకుడి. వ్రాతలో అడుగుట అవిశ్వాసము కాదు, అది వివేకము.

రెండవది, నమ్మకమైన పని, నిర్భయమైన మాట. లాబాను మోసము చేసెనని యాకోబు మందను పాడుచేయలేదు. అట్లని నోరు మూసికొని యుండను లేదు. లాబాను ముఖము ఎదుటనే తన లెక్క అంతయు చెప్పెను. అణగి మణగి యుండుటయే సాత్వికమని కొందరు పిల్లలకు బోధింతురు. అది సరికాదు. యజమానుడు పాస్‌పోర్టు తీసికొని దాచినను, చెప్పిన కూలి ఇయ్యకపోయినను, తమ్మును పంపిన సంస్థకును అక్కడి అధికారులకును తెలుపవలెను. అట్టివారి హక్కులను తెలుపు చిన్న పుస్తకమును వీసా ఇచ్చు సమయమున చేతికియ్యవలెనని 2008లో ఆ దేశము చట్టము చేసెను. మన పిల్లలు దానిని పెట్టె అడుగున పెట్టక చదువవలెను.

మూడవది, ఆతిథ్యము. మేరీలాండు రాష్ట్రములోని ఓషన్ సిటీలో కొన్ని సంఘములు వేసవిలో ఈ విద్యార్థులను పిలిచి భోజనము పెట్టుచున్నవి. పరదేశిని మనలో పుట్టినవానివలె ఎంచుమని లేవీయకాండము 19వ అధ్యాయము చెప్పిన మాటకు ఇదే క్రియారూపము. మతమేదని అడుగక పెట్టిన ఒక పూట అన్నము, ఇంటిమీద బెంగపెట్టుకొన్న పిల్లవానికి ఎంత ఆదరణ!

దూరదేశపు లాబానును నిందించుట మనకు సుళువు. మిరపకాయల కోతకు కర్నూలు ప్రాంతమునుండి పిల్లాపాపలతో గుంటూరు సీమకు వచ్చువారి సంగతియేమి? వారికి నీడ, నీళ్లు, చెప్పిన దినమున చెప్పిన కూలి ముట్టుచున్నవా? కూలివాని జీతము ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. మన బిడ్డకు పరదేశములో ఏ న్యాయము జరుగవలెనని ప్రార్థించుదుమో, ఆ న్యాయమును మన చేనిగట్టున నిలిచిన పరాయి బిడ్డకు చేయుదము.

యాకోబు కష్టమును, అతని చేతుల ప్రయాసమును చూచిన దేవుడు, దూరదేశములలో పని చేయుచున్న మన బిడ్డలను కాపాడి, వారిని క్షేమముగా ఇంటికి చేర్చును గాక. కూలి ఇచ్చు మన చేతులను నీతిగలవిగా చేయును గాక. ఆమేన్.