ఎవరు దాచితే వాళ్లదేనా?

మలావీలోని మువా మిషన్‌లో 1976లో కెనడాకి చెందిన ఫాదర్ క్లాడ్ బూషే కుంగోని కళాకేంద్రం మొదలుపెట్టాడు. చేవా ప్రజల గులే వాంకులు నాట్యపు ముసుగులు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. తొలి మిషనరీలు వద్దన్న నాట్యం అది. వద్దన్నవాళ్ల వారసులే దాచిపెడితే, దాచినది ఎవరిది?

ఈ ప్రశ్న మనకి దూరం కాదు. మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్‌లో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని సిద్దీల బలగం. 1948లో సంస్థానం పోయింది, పేటకి పేరు మిగిలింది. మర్ఫా కూడా మిగిలింది. అరబ్బులూ సిద్దీలూ తెచ్చిన ఆ దరువుని నిలబెట్టింది మిషన్ కాదు, పెళ్లివాళ్లిచ్చే డబ్బు.

మరి పెళ్లివాళ్లు డీజే వైపు మళ్లితే? మా శేరిలింగంపల్లి శిల్పారామంలో ఓ షో పెడితే బతికినట్టా? బ్యాకప్ ఉందంటే సర్వర్ నడుస్తోందని కాదని మా ఉద్యోగంలో అందరికీ తెలుసు. బ్యాకప్ లేకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అందుకే కుంగోనిని నేను తీసిపారెయ్యను.

నేను అడిగేది ఒక్కటే, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? గులే వాంకులు ఆడేది న్యావు అనే రహస్య సంఘం. "ఇది చూపించొద్దు" అని వాళ్లంటే ఆ ముసుగు గోడ దిగాలి. అప్పుడే అది కాపాడటం, లేకపోతే సేకరించటం.

వదిలేసే హక్కూ అందులో భాగమే. తాతల వృత్తి వదిలి కోడింగ్‌లోకొచ్చిన మనల్ని చూసి ఎవరూ సంస్కృతి పోయిందని ఏడవలేదు. మర్ఫా వదిలిన సిద్దీ కుర్రాడిని చూసి మాత్రం ఎందుకు ఏడవాలి?