'మామూలే' అనే తీర్పు

ఏడో నెల నిండుతుండగా మా చెల్లెలు ఫోన్ చేసింది. పురిటికని పుట్టింటికి వచ్చి అప్పటికి వారమైంది. "రెండ్రోజుల్నుంచి తలనొప్పి తగ్గడం లేదక్కా. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు" అంది. "తొలిచూలు కదా, మామూలే. కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకో" అన్నాను. స్త్రీల ఆరోగ్యం గురించి సభల్లో మాట్లాడేదాన్ని, వ్యాసాలు రాసేదాన్ని. ఆ జవాబివ్వడానికి మాత్రం ఒక్క క్షణం ఆలోచించలేదు. మర్నాడు మా అమ్మ నా మాట పట్టించుకోకుండా దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. రక్తపోటు 170/110 ఉంది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. కానీ నేనన్న ఆ ఒక్క మాట గురించి ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను.

ఆ మాట అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. గర్భిణికి కాళ్ళు నీరు పట్టడం, తల నొప్పి పెట్టడం, పొట్ట పైభాగంలో మంట చాలాసార్లు మామూలే. వాటంతటవే సర్దుకుంటాయి. అయితే అవే లక్షణాలు గుర్రపు వాతానికి ముందూ కనిపిస్తాయి. ఏది ఏదో మనిషిని చూసి చెప్పలేం, కొలవాలి. ఇరవై వారాలు దాటాక రక్తపోటు 140/90కి చేరితే జాగ్రత్తపడాలి. 160/110కి చేరితే వెంటనే వైద్యం అందాలి. చేతికి పట్టీ కట్టి చూడడం, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూడడం, రెండూ కలిపి కొద్ది నిమిషాల పని. ఆ పని చెయ్యకుండా 'మామూలే' అనడం ఓదార్పు కాదు. విచారణ లేకుండా ఇచ్చేసిన తీర్పు.

గుర్రపు వాతం అనే పేరు చివరి ఘట్టాన్ని, ఆ మూర్ఛల్ని చూసి పెట్టింది. కథ అంతకు చాలా ముందే మొదలవుతుంది. మాయకు రక్తం అందించే నాళాలు సరిగ్గా విచ్చుకోకపోవడంతో మొదలై, తల్లి ఒంట్లోని రక్తనాళాలన్నీ దెబ్బతింటాయి. మూత్రపిండాలు, కాలేయం, మెదడు వరుసగా దాని పాలబడతాయి. 2023లో ప్రపంచంలో సుమారు 2 లక్షల 60 వేలమంది స్త్రీలు గర్భం, కాన్పుల కారణంగా చనిపోయారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. నేరుగా ప్రాణం తీసే కారణాల్లో రక్తస్రావం తరువాతి స్థానం దీనిదే. ప్రతి ఆరు మరణాల్లో దాదాపు ఒకటి.

మందు లేదా అంటే ఉంది. ఖరీదైనదీ కాదు. మూర్ఛలు వచ్చిన స్త్రీలకు మిగతా మందులకన్నా మెగ్నీషియం సల్ఫేట్ మెరుగని 1995లో పలు దేశాల్లో జరిపిన పరీక్ష తేల్చింది. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలతో జరిపిన మరో పరీక్షలో, ఆ మందు మూర్ఛలు రాకముందే ఇస్తే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని తేలింది. ప్రమాదం ఎక్కువున్న వారికి తొలి నెలల నుంచే తక్కువ మోతాదులో ఆస్పిరిన్, ఆహారంలో కాల్షియం చాలని చోట కాల్షియం మాత్రలు ఇమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇన్ని తెలిసిన తరువాత కూడా ఒక స్త్రీ చనిపోతే 'ఆమె రాత' అనవచ్చా?

జుడిత్ ష్క్లార్ అనే రాజనీతి తాత్వికురాలు 1990లో వచ్చిన 'ద ఫేసెస్ ఆఫ్ ఇన్‌జస్టిస్'లో ఈ ప్రశ్ననే తీసుకుంది. దురదృష్టానికీ అన్యాయానికీ మధ్య గీత శాశ్వతం కాదంటుంది. ఆపగలిగి కూడా ఆపకపోతే దురదృష్టం అన్యాయంగా మారుతుంది. చెయ్యి చేసుకున్నవాడే కాదు, ఆపగలిగీ పక్కకు తప్పుకున్నవాళ్ళూ అందులో భాగస్తులే. దాన్ని ఆమె నిష్క్రియ అన్యాయం అంటుంది. 'మామూలే' అన్న అత్తగారు, పనిచెయ్యని బీపీ మిషను గురించి పైవాళ్ళకు చెప్పి విసిగిపోయిన ఏఎన్ఎం, వందమంది వరసలో ఒక తలనొప్పిని వినలేకపోయిన డాక్టరు, ఫోన్లో సలహా ఇచ్చిన నేను. ఇందులో హంతకులెవరూ లేరు. అయినా మరణం ఉంటుంది.

పక్కకు తప్పుకోవడం ఇంత తేలిక ఎందుకైంది? ప్రసవం ఆడదానికి పునర్జన్మ అంటాం. గౌరవంగానే అంటాం. కానీ ఆ గౌరవం లోపల, చావు అంచుదాకా వెళ్ళిరావడం తల్లి కావడంలో భాగమనే ఒప్పుకోలుంది. 1985లో రోజెన్‌ఫీల్డ్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 'లాన్సెట్'లో, మాతాశిశు ఆరోగ్యం అంటున్నారు సరే, అందులో మాత ఎక్కడ అని అడిగారు. మన ఇళ్ళల్లో కూడా అందరూ అడిగేది 'బిడ్డ కదులుతోందా' అనే.

ఇదంతా పేదరికం, చదువులేమి అని తేల్చేద్దామా? 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా రిలే జట్టుతో స్వర్ణం గెలిచిన టోరీ బోవీ 2023లో, ఎనిమిదో నెల గర్భంతో, తన ఇంట్లో ఒంటరిగా చనిపోయింది. కారణాల్లో గుర్రపు వాతం ఉండవచ్చని శవపరీక్ష నివేదిక చెప్పింది. అదే జట్టులోని ఆలిసన్ ఫీలిక్స్ 2018లో అధిక రక్తపోటుతో 32 వారాలకే సిజేరియన్ చేయించుకుని బతికింది. ఆ దేశంలో నల్లజాతి స్త్రీల ప్రసూతి మరణాల రేటు శ్వేతజాతి స్త్రీలకన్నా సుమారు మూడు రెట్లు. ఎవరి బాధను నమ్మాలి, ఎవరి బాధ మామూలు అనేది ప్రతి సమాజమూ తన కులాన్నో జాతినో బట్టి నిర్ణయించుకుంటుంది. మరోవైపు, 2004-06లో లక్ష సజీవ జననాలకు 154గా ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రసూతి మరణాలు 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 45కి, తెలంగాణలో 43కి తగ్గాయి. అదే కాలంలో అస్సాంలో 195. రాతలైతే ఇలా మారేవా?

ఇక్కడ మనలోంచే ఒక అభ్యంతరం వస్తుంది. స్త్రీ శరీరంపై వైద్యం పెత్తనాన్ని ఇన్నేళ్ళుగా ప్రశ్నిస్తున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఇప్పుడు ఇంకా కొలవమని మనమే అడగడమేమిటి? నాకు తోచినంతవరకు ఈ రెండూ ఎదురుబొదురు కావు. అక్కర్లేని కోతా, అందని పరీక్షా ఒకే చోట నుంచి వస్తున్నాయి. రెండింటిలోనూ ఆమె చెప్పేది వినేవాళ్ళు లేరు. కొలవడం పెత్తనం కాదు. కొలిచిన అంకె ఆమెకు చెప్పకపోవడం, దాని అర్థం వివరించకపోవడం పెత్తనం.

గుర్రపు వాతం ముప్పు తొలి కాన్పులోనే ఎక్కువ. సరిగ్గా ఆ కాన్పుకే, ప్రమాదం పెరిగే నెలల్లోనే, మన అమ్మాయిలు అత్తింటి ఊరి ఆశా కార్యకర్తను వదిలి పుట్టింటికి వస్తారు. కార్డు వెంట రాకపోతే మునుపటి అంకెలు అక్కడే ఉండిపోతాయి. అయినా ఆ ఆచారాన్ని తప్పుపట్టలేను. అత్తింట్లో మింగుకున్న తలనొప్పిని పైకి చెప్పుకోగలిగేది పుట్టింట్లోనే. మా చెల్లెలు చెప్పుకుంది. నేను వినలేదు, అమ్మ వింది. అమ్మకు మెగ్నీషియం సల్ఫేట్ పేరు తెలియదు. తెలిసిందల్లా కూతురు ఊరికే తలనొప్పి అనదని.

కాన్పయ్యాక కూడా ఆరు వారాలదాకా ఈ ముప్పు ఉంటుంది. అందరి చూపూ ఉయ్యాల మీదికి మళ్ళిన రోజులవి. ఇప్పుడు ఏ బాలింత తలనొప్పి అన్నా నేను 'మామూలే' అనను. అది మామూలో కాదో నాకు తెలియదు. 'పద, చూపిద్దాం' అంటాను.