పాదాల కింది తాడు

సముద్రం మనిషిని తీర్చిదిద్దుతుందంటే నాకు ఓ పట్టాన నమ్మకం కుదరదు. ఉప్పునీటికి నీతులతో ఏం పని? పాతకాలపు ఓడల్లో పసివాళ్ల వీపులు చిట్లేలా కొట్టిందీ ఆ సముద్రం మీదే కదా!

అయినా 1941లో, యుద్ధం నడిమధ్య, వేల్స్ తీరాన అబర్‌డోవీలో ఒక బడి వెలిసింది. టార్పెడో దెబ్బకు ఓడ మునిగితే లైఫ్‌బోట్లలో కుర్రవాళ్లే ముందు ప్రాణాలు వదులుతున్నారని, తెరచాప ఓడల్లో తలపండినవాళ్లు తట్టుకుంటున్నారని ఓడల కంపెనీకి చెందిన లారెన్స్ హోల్ట్ నమ్మాడు. హిట్లర్‌ను విమర్శించి జైలుపాలై, జర్మనీ విడిచి వచ్చిన విద్యావేత్త కర్ట్ హాన్ ఆయనకు తోడయ్యాడు. అదే అవుట్‌వర్డ్ బౌండ్ అనే సాహస శిక్షణ సంస్థకు ఆరంభం. హోల్ట్ నమ్మకం ఎంత నిజమో గానీ, అది లేవనెత్తే ప్రశ్న మాత్రం నన్ను వదలదు. కండబలం కుర్రవాళ్లకే ఎక్కువ కదా, మరి ఆ పెద్దవాళ్ల దగ్గర ఉన్నదేమిటి?

జవాబు ఆ ఓడల్లోనే దొరుకుతుందేమో. పెద్ద తెరచాప ఓడలో చాప చుట్టాలంటే ఎత్తున ఉన్న అడ్డకొయ్య దాకా ఎక్కాలి. అక్కడ కాలు మోపడానికి కొయ్య కింద వేలాడే తాడే దిక్కు. కొత్తగా ఒకరు దానిమీద అడుగు పెట్టగానే తాడు బిగుసుకుని, అప్పటికే నిలబడ్డవాళ్ల పాదాలు ఎగిరిపడతాయి. అందుకే ముందుగా కేకేసి చెప్పాలి, పక్కవాళ్ల బదులు వినాలి, ఆ తర్వాతే అడుగు. తన బరువు ఇంకొకరి కాళ్ల కింద కదులుతుందని పదహారేళ్ల పిల్లకు ఇంత సూటిగా చెప్పే పాఠం మన ర్యాంకుల చదువుల్లో ఎక్కడుంది? ఈ చదువుల్లో పక్కవాడు జారితే మనకో మెట్టు కలిసొస్తుంది.

పాఠానికి వెల కూడా ఉంది. 1957లో జర్మన్ శిక్షణ ఓడ పామీర్ అట్లాంటిక్ తుపానులో మునిగింది. ఎక్కిన 86 మందిలో ఆరుగురే బతికారు. పోయినవాళ్లలో ఎక్కువమంది కుర్ర క్యాడెట్లే. ధైర్యం నేర్పడానికి పిల్లల్ని ఎంత ప్రమాదం దాకా పంపవచ్చు? ఒడ్డున కూర్చున్నవాళ్లం ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు.

ఇంకోటి. ఉప్పాడలోనో భీమిలిలోనో తండ్రి వెంట పడవెక్కిన పిల్లవాణ్ని చూసి బడి మానేశాడంటాం. డబ్బున్న ఇంటి బిడ్డ అదే గాలికి చాపెత్తితే శిక్షణ అంటాం. గాలికి ఈ తేడా తెలియదు. మొదటివాడికి మర్నాడు వెళ్లడానికి బడి లేకపోవడమే అసలు తేడా.

హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలకు తెరచాప పడవలు నేర్పుతోంది. ఊరి మధ్య చెరువులో సాధ్యమైనది ఇంత పొడవైన కోస్తాలో ఎందుకు కాదు? తీరప్రాంతపు సర్కారు బడుల్లో ఈ చదువు పెట్టండి, లైఫ్‌జాకెట్లతో సహా. నేర్పడానికి ఆ పిల్లల తండ్రుల్నే, జీతమిచ్చి, పిలవండి.