గుడారంలో కూర్చుని విన్న కలెక్టరు

1800లో కడప, బళ్లారి సీమలు ఈస్టిండియా కుంపిణీ చేతికొచ్చాయి. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కచేరీకే అతుక్కుపోలేదు. గుడారాలు వేసుకుంటూ ఊరూరా తిరిగారు, రైతులతో నేరుగా మాట్లాడారు. చేను నల్లరేగడా, గరుసు నేలా? బావిలో నీళ్లున్నాయా?

వచ్చింది శిస్తు వసూలుకే, అది మరువకూడదు. కానీ విన్నది వృథా పోలేదు. శిస్తు నాలుగో వంతు తగ్గించాలని 1807లో వెళ్లిపోయే ముందు రాశారు. పైవాళ్లు ఒప్పుకోలేదు. గవర్నరుగా తిరిగొచ్చాక తానే తగ్గించారు! 1827లో మళ్లీ ఈ సీమ చూడవచ్చి, పత్తికొండలో కలరాతో కన్నుమూశారు.

అలా వినాల్సిన అవసరం ఇప్పటికీ ఉంది. కర్నూలు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల వరుస చూడండి. ముసలమ్మ ముందు కొడుకు సంగతి, వాన సంగతి చెబుతుంది. పాసుబుక్కు మాట చివర్లో వస్తుంది. "విషయం చెప్పమ్మా" అని కసిరితే ఆ మాట నోట్లోనే ఉండిపోతుంది.

"కూర్చో అవ్వా" అని, మొత్తం విని, విన్నది తిరిగి చెప్పే అధికారులూ ఉన్నారు. "అంటే, పాసుబుక్కులో అరెకరా తక్కువ పడిందంటావు, అంతేనా?" అది తప్పయితే అవ్వ అక్కడికక్కడే సరిదిద్దుతుంది. మళ్లీ బస్సెక్కి ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పని తప్పుతుంది.