వడ్డన ధర్మము

వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను కొదువలేదని తెలుగువారి సామెత. వినుటకు ఇది నవ్వు పుట్టించును. కాని వడ్డించువానితో ఏ బంధుత్వమును లేక కడపంక్తిని కూర్చున్నవాని గతి యేమి? సామెత ఆ మాట చెప్పక విడిచినది. వైద్య పరిశోధనకై లోకము వెచ్చించు ధనము విషయమున ఈ విడిచిన ప్రశ్నయే ముఖ్యమైనది. ధనము పరిమితము, రోగములు అనేకము. క్యాన్సరు అను ఒక్క పేరు క్రిందనే నూటికి పైగా భిన్నవ్యాధులు కలవు. ఒక విస్తరిలో అధికముగా పడినది మరియొక విస్తరిలో తగ్గక తప్పదు. ఈ వడ్డనకు న్యాయమైన కొలత ఏది?

ఇంతవరకు జరిగిన పంపకములో అడిగినవారి గొంతుకు పెద్ద పాలు దక్కినది. 1969 డిసెంబరులో అమెరికాలో కొందరు, క్యాన్సరును జయింప పూనుకొనుమని అధ్యక్షుడు నిక్సనును కోరుచు వార్తాపత్రికలో పూర్తిపుట ప్రకటన వేయించిరి. ఆ ఉద్యమమునకు మేరీ లాస్కర్ అను వనిత వెన్నెముక. ఫలితముగా 1971 డిసెంబరు 23న జాతీయ క్యాన్సరు చట్టము వెలువడినది. 1992లో, రొమ్ము క్యాన్సరుకు గురియైన స్త్రీల పోరాటము వలన, ఆ వ్యాధి పరిశోధనకు రక్షణశాఖ పద్దు నుండి 21 కోట్ల డాలర్లు కేటాయింపబడెను. బాధపడువారు నోరు విప్పి అడుగుట దోషము కాదు. వారు అడుగకున్నచో ఆ ధనము పరిశోధనకే వచ్చియుండెడిది కాదేమో.

అయితే అడుగజాలనివారి మాట యేమి? ఊపిరితిత్తుల క్యాన్సరు 2022లో ప్రపంచమున సుమారు 18 లక్షల మందిని బలిగొన్నది. మరణముల లెక్కలో ఏ ఇతర క్యాన్సరును దానికి సాటి రాదు. అయినను దాని పక్షమున వీథికెక్కినవారు తక్కువ. ఆ వ్యాధి సోకినవారిలో పెక్కురు త్వరలోనే కన్నుమూయుదురు గనుక ఉద్యమము నడుపుటకు మిగులువారు కొలదిమంది. అంతకు మించినది నింద. పొగ త్రాగి చేతులార తెచ్చుకొన్నాడని లోకము తీర్పు చెప్పును. ఎన్నడును పొగ త్రాగనివారిని సైతము ఆ వ్యాధి విడువదు. త్రాగినవారిలోను అనేకులు తెలిసీ తెలియని వయసున ఆ వ్యసనమున చిక్కినవారే. వైద్యము రోగిని చూచునే గాని రోగి యోగ్యతను విచారింపదు. పరిశోధనకును అదే ధర్మము వర్తింపవలెను.

గొంతును బట్టి కాక మరణసంఖ్యను బట్టి పంచుట మేలు గదా అని కొందరందురు. ఈ మాటలో న్యాయము కలదు. 1999లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులను 29 వ్యాధుల భారముతో పోల్చి చూచినపుడు, ఎయిడ్సుకును, రొమ్ము క్యాన్సరుకును, మతిమరుపు వ్యాధికిని వాటి భారమునకు మించియు, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధికిని, పుట్టుక సమయమున శిశువులకు కలుగు ఆపదలకును తక్కువగాను ముట్టినట్లు తేలినది. లెక్క లేనిచోట ఇట్టి వంకర కంటికే కనబడదు.

కాని లెక్క ఒక్కటియే ధర్మము కాజాలదు. అరుదైన క్యాన్సరు సోకిన బిడ్డ తల్లితో, నీ బిడ్డ వంటివారు కొద్దిమందియే గనుక మీ వంతు కొంచెమే అని చెప్పుట ఎట్లు? మరియు విజ్ఞానము రోగముల పట్టికను అనుసరించి నడువదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లముపై కృషి సాగించెను. రక్తహీనతకు మందుగా మొదలైన ఆ కృషి నుండియే, ఆ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు అమినోప్టెరిన్ వెలువడినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తపు క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఈయగా 10 మందికి తాత్కాలికముగా గుణము కనిపించెను. ఈ ఫలితము 1948లో ప్రకటితమైనది. సుబ్బారావు ఆ సంవత్సరమే ఆగస్టులో కన్నుమూసెను. నాడు మృత్యువు తప్ప వేరు దారి లేని పిల్లల రక్తపు క్యాన్సర్లలో ముఖ్యమైన దాని నుండి, నేడు మంచి చికిత్స లభించుచోట్ల పదింట తొమ్మిదిమంది పిల్లలు బ్రతుకుచున్నారు. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ కీళ్లవాతమునకు సైతము మందైనది. మరణముల సంఖ్యయే కొలతయైనచో ఈ త్రోవ ఎవరికి తోచియుండును?

మిగిలినది విపణి. కొనువాడున్న రోగమునకు మందు వెదకుట వ్యాపార లక్షణము. 1990లో వెలువడిన ఒక అంతర్జాతీయ సంఘపు నివేదిక ప్రకారము, 1986లో ప్రపంచమున ఆరోగ్య పరిశోధనకు వెచ్చించిన 3,000 కోట్ల డాలర్లలో పేద దేశముల ప్రత్యేక సమస్యలకు దక్కినది నూటికి 5 పాళ్లు మాత్రమే. నివారింపదగిన అకాలమరణముల భారములో నూటికి 93 పాళ్లు మోసినవి ఆ దేశములే. క్షయకు టీకా 1921లో వచ్చినది. శతాబ్దము గడచినను వాడుకలోనున్న క్షయ టీకా అదొక్కటే. 2023లో క్షయ సుమారు పన్నెండున్నర లక్షల మందిని హరించినది. ఆ రోగులలో నాలుగవ వంతు భారతీయులు.

కడపంక్తి ఎంత దూరమున నుండునో తెలియుటకు శ్రీకాకుళము తీరమును చూచిన చాలును. చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగ అలవాటు అచటి పేద స్త్రీలలో విస్తారముగా నుండెను. దానివలన అంగిలికి క్యాన్సరు సోకును. 10,169 మంది గ్రామీణులను పరీక్షించి రచించిన పరిశోధన 1971లో ప్రకటితమైనది. ఇట్టి వ్యాధికి ఏ సంస్థ లాభముకొరకు మందు వెదకును? ఏ రోగి రాజధానికి పోయి మొర పెట్టుకొనును?

అట్టివారికి కావలసినది ఎల్లప్పుడును ఖరీదైన క్రొత్త మందు కాదు. బొంబాయి మురికివాడలలో 1998లో మొదలైన పరిశోధనలో, సుమారు లక్షన్నర మంది స్త్రీలను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమువారికి శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు పలుచని వినెగరుతో గర్భాశయ ముఖద్వారమును పరీక్షించిరి. ఆ వర్గమున ఆ క్యాన్సరు మరణములు నూటికి 31 పాళ్లు తగ్గినవి. తెలిసినదానిని పేదవాని గుమ్మము దాక చేర్చు మార్గమును వెదకుటయు పరిశోధనయే. అయినను 2016 మొదలు 2020 వరకు ప్రభుత్వములు, ధర్మసంస్థలు ప్రపంచమున క్యాన్సరు పరిశోధనకు ఇచ్చిన సుమారు 2,450 కోట్ల డాలర్లలో, నూటికి 73 పాళ్లకు పైగా రోగిని చేరక ముందటి ప్రయోగశాల కృషికి పోగా, శస్త్రచికిత్సపై పరిశోధనకు ముట్టినది 1.4 పాళ్లు, కిరణచికిత్సకు 2.8 పాళ్లు మాత్రమే. మూలవిజ్ఞానమునకు పెద్ద పాలు ఈయదగినదే. కాని కొమ్మలకు నీరందక వేరు మాత్రమే తడిసిన చెట్టు పండ్లనీయదు.

కావున న్యాయమైన వడ్డనకు ఒక్క గరిటె చాలదు. కోల్పోయిన ఆయువును, అనుభవించిన బాధను బట్టి ఒక పాలు, ఏ రోగము పేరును అడుగని మూలవిజ్ఞానమునకు ఒక పాలు ఉండవలెను. ఈ రెంటికంటె ముందుగా, విపణియు గొంతును లేనివారికి ఒక పాలు తీసి ప్రక్కన పెట్టవలెను. చివర మిగిలినది ఇచ్చెదమన్నచో వారికి మిగులునది ఏమియు నుండదని గత చరిత్రయే సాక్షి. ఇట్లు చేయుట వలన ముందు వరుసలోని రోగికి కొంత తగ్గును. ఆ నష్టమును దాచుట తగదు. ఎవరికి ఎంత, ఏ కారణమున అని వడ్డించువాడు బహిరంగముగా చెప్పవలెను. తగ్గినవాడు కారణము అడుగగల వడ్డనయే ధర్మబద్ధమైన వడ్డన. అడుగుటకు నోరు లేనివాని విస్తరి వంక కూడ చూచుట వడ్డించువాని బాధ్యత.